పడమటి గాలి వీచిన రోజు

నేను ఒక గాలిపటాన్ని. ఆ మాట వినగానే మీకు రంగు కాగితమూ వెదురుపుల్లలూ తోకా గుర్తొస్తే అందులో మీ తప్పేమీ లేదు. నా జాతి పటాలు మన తీరానికి ఇంకా కొత్త. నన్ను సులువుగా చిరగని గట్టి బట్టతో కుట్టారు. ముందంచు వెంబడి లావుపాటి గొట్టం ఉంటుంది. పంపుతో గాలి కొడితే నెలవంకలా వంగి నిలబడతాను. అప్పుడు నా నీడలో ఒక కుటుంబం కూర్చుని భోజనం చెయ్యొచ్చు. నాకు నాలుగు తాళ్ళు, వాటి చివర ఒక కడ్డీ. ఆ కడ్డీని బార్ అంటారు. నడుముకు వెడల్పాటి పట్టా బిగించుకుని, దాని కొక్కేనికి బార్‌ని తగిలించుకుని, కాళ్ళ కింద పలక వేసుకున్న మనిషిని నేను సముద్రం మీద లాక్కుపోతాను. కైట్ సర్ఫింగ్ అని ఆ ఆటకు పేరు. ఒడ్డున ఉన్నవాళ్ళకి మనిషి నన్ను నడుపుతున్నట్టు కనబడుతుంది. నేర్చుకున్నవాళ్ళకి మాత్రం తెలుసు, నన్ను నడిపేది గాలి. మనిషికి దానితో మర్యాదగా మసలుకోవడమే మిగిలింది.

ఒక ద్వీపదేశంలో పెద్ద రేకుల షెడ్డులో పుట్టాను. వరసగా కుట్టుమిషన్లు, వాటి వెనక తల వంచుకున్న ఆడవాళ్ళు. నా అతుకులు కుట్టినామెకి ఈత రాదు, ఎప్పుడూ మోకాలు దాటి నీళ్ళలో దిగలేదు. అయినా ఒక్కో కుట్టూ రెండుసార్లు లాగి చూసేది. ఆఖర్న నా అంచుకి ఒక పట్టీ కుట్టింది. శిక్షణ లేకుండా వాడకండి, ఒంటరిగా ఎగరేయకండి, ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలిలో దిగకండి అని దాని మీద చాలా భాషల్లో అచ్చువేసి ఉంది. మనుషులు హెచ్చరికలు రాయడంలో ఎంత శ్రద్ధ చూపిస్తారో చదవకపోవడంలోనూ అంతే చూపిస్తారని అప్పటికి నాకు తెలియదు.

నన్ను మొదట కొన్నది రామేశ్వరం తీరానికి వచ్చిపోయే ఒక ఫ్రెంచి పెద్దాయన. ఆయన గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ఆయన చేతిలో ఏ ప్రమాదమూ జరగలేదు. ప్రతిసారీ తాళ్ళు పరిచి ముడులు చూసుకునేవాడు. గాలి నచ్చకపోతే నన్ను సంచీలోంచి తియ్యకుండానే వెనక్కి వెళ్ళిపోయేవాడు. మోకాళ్ళు మొరాయించాక నా ఫోటో తీసి అమ్మకానికి పెట్టాడు. ఆ ఫోటో విశాఖపట్నంలో కోదండపాణి ఫోన్‌లో కనబడింది.

కోదండపాణి ఒక టైల్స్ షోరూమ్‌లో మేనేజరు. యాభైకి దగ్గరపడుతున్నాడు. మంచి మాటకారి. నలుగురిలో ఆయన మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినడానికి పుట్టినట్టు కూర్చునేవాళ్ళు. పార్సిల్ విప్పినప్పుడే ఆ హెచ్చరికల పట్టీని కత్తెరతో కోసి చెత్తబుట్టలో వేశాడు. గాలికి టపటపా కొట్టుకుంటుందని.

"ఏమండీ, అందులో ఏదో రాసుంది, చదివారా?" అని అడిగింది ఆయన భార్య సుభాషిణి.

"అన్నీ యూట్యూబ్‌లో చూసే కొన్నాను సుభా. నువ్వు టెన్షన్ పడకు."

సుభాషిణి జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. మితభాషి. క్లాసులో తప్ప ఆమె గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు.

భీమిలి దాటి కొంత దూరం వెళితే కొత్తరేవు అనే చోటు ఉంది. అక్కడొక రిసార్టు, దాని పక్కన వాసుపల్లి పోలారావు నడిపే కైట్ బడి. బడి అంటే తాటాకు పందిరి, రెండు చిన్న పటాలు, కొన్ని హెల్మెట్లు. పోలారావు చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, తమిళ తీరంలో శిక్షణ పొంది, సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషి. రిసార్టు వాళ్ళ స్థలంలో వాళ్ళ అనుమతితో నేర్పుతుండేవాడు.

కోదండపాణి నన్ను భుజానేసుకుని వెళ్ళి, "ఇవాళే నీళ్ళలో దిగుదాం మాస్టారూ" అన్నాడు.

"నీళ్ళు ఎక్కడికీ ఎల్లిపోవండి," అన్నాడు పోలారావు. "ముందు ఇసకలో నేర్సుకోండి. ఆ పెద్ద పటం సంచీలోనే ఉండనీండి."

పాఠాలు చిన్న పటంతో, ఇసకలో మొదలయ్యాయి. పటం ఎక్కడుంటే ఎంత లాగుతుందో ముందు అది తెలియాలి. నెత్తిమీద నిటారుగా ఉంటే దాదాపు లాగదు. ఎదురుగా కిందికి దించితే ఎద్దులా గుంజుతుంది. బార్‌ని ఒంటి వైపు లాక్కుంటే బలం పెరుగుతుంది, వదిలేస్తే తగ్గుతుంది. చెప్పడానికి ఇంతే. కాని భయం వేసినప్పుడు మనిషి చెయ్యి చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆ పుట్టు అలవాటును మాన్పించడమే పోలారావు అసలు పని.

"బయమేసిందా, ఒగ్గీండి. ముందు బార్ ఒగ్గీండి. అదీ సాలకపోతే ఈ ఎర్ర పిడి ముందుకి తోసీండి. పటం సచ్చిపోద్ది, మీరు బతుకుతారు."

ఆ ఎర్ర పిడి కొక్కెం దగ్గర, కడుపుకి ఎదురుగా ఉంటుంది. తోస్తే నా బలమంతా పోయి ఒక్క తాడు మీద జెండాలా వేలాడతాను. కళ్ళు మూసుకుని ఆ పిడి వెతికి తొయ్యమనేవాడు పోలారావు. మళ్ళీ బిగించి మళ్ళీ తొయ్యమనేవాడు. కోదండపాణికి రెండో రోజుకే విసుగొచ్చింది. "ఏంటయ్యా, ఎగరడం నేర్పమంటే దిగడం నేర్పుతావు?" అని నవ్వించాడు. ఆయన జోకులకి అందరూ నవ్వారు, పోలారావు తప్ప.

సుభాషిణి భర్త సంచీ, నీళ్ళసీసా పట్టుకుని పందిరి కింద కూర్చునేది. ఒకరోజు కోదండపాణి ఫోన్ మాట్లాడుతూ దూరంగా వెళితే పోలారావు ఆమెను పిలిచాడు.

"మేడమ్‌గారూ, ఊరికినే కూకోడం ఎందుకండి? ఓసారి పట్టుకోండి."

ఆమె హెల్మెట్ పెట్టుకుని, చిన్న పటం బార్ పట్టుకుంది. పటం ఒక్కసారి గుంజేసరికి కెవ్వుమంది. ఆ వెంటనే చేతులు వదిలేసింది. పటం తేలిపోయి బుద్ధిగా పక్కకి వాలింది. పోలారావు ముఖం వెలిగిపోయింది. "అదీ! అదేనండి నేర్సుకోవాలసింది!" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఆమె కూడా నేర్చుకుంది. బలాలు, కోణాలు ఆమెకు కొత్త కాదు. కాని అవి తన నడుముని పట్టి గుంజడం కొత్త. గాలి సముద్రం మీంచి ఒడ్డుకి ఏటవాలుగా వస్తేనే దిగాలని, ఎందుకంటే ఏం జరిగినా ఒడ్డుకే తెచ్చి పడేస్తుందని నేర్చుకుంది. పడమర నుంచి, గట్టు మీంచి సముద్రంలోకి వీచే గాలిని నమ్మకూడదని నేర్చుకుంది. ఆ గాలి చెట్లనీ గోడలనీ దాటి వస్తుంది కాబట్టి ఒక క్షణం చచ్చినట్టుండి మరుక్షణం విరుచుకుపడుతుంది. పలక లేకుండా, లైఫ్ జాకెట్టుతో బోర్లా నీళ్ళలో పడుకుని పటంతో లాగించుకుంటూ ఒడ్డుకి చేరడం నేర్చుకుంది. ఉప్పునీళ్ళు మింగి దగ్గి, మళ్ళీ వెళ్ళేది. నీళ్ళలో పాఠాలు మొదలయ్యాక నన్నూ సంచీలోంచి తీశారు. ఆమె నన్ను పట్టుకున్నప్పుడు తాళ్ళలో వణుకు తెలిసేది. ఆ వణుకుని ఆమె దాచుకోలేదు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని నడిచేది.

కోదండపాణి అప్పుడప్పుడు వచ్చి, పోలారావు చెప్పేది సగం విని, మిగతా సగం ఫోన్‌లో చూసుకునేవాడు. నీళ్ళలో పలక ఎక్కబోయిన ప్రతిసారీ బార్‌ని గుండెకి హత్తుకునేవాడు. నేను విసిరి పడేసేదాన్ని. లేచి, గాలి బాగోలేదనో పలక చిన్నదనో అనేవాడు.

సుభాషిణి పలక మీద నిలబడిన రోజు నాకు బాగా గుర్తు. దక్షిణపు గాలి నిలకడగా వీస్తోంది. ఆమె మోకాళ్ళు వంచి, నన్ను మెల్లగా ఒక పక్కకి వంచింది. నేను లాగాను. నీళ్ళలోంచి లేచి, ఒక పడవ పొడుగు దూరం, తర్వాత అంతకి నాలుగింతలు, చప్పుడు లేకుండా జారుకుంటూ పోయింది. ఆమె నోటి నుంచి ఒక నవ్వు వచ్చింది. అలాంటి నవ్వు తనలో ఉందని ఆమెకే తెలియనట్టుంది, ఆగి తన గొంతు తనే విన్నది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు ఈలలు వేశారు. పోలారావు మోకాలి లోతు నీళ్ళలో పరిగెత్తుకుంటూ వచ్చాడు.

కోదండపాణి ఒడ్డునే ఉన్నాడు. ఆమె తడిసిన జుట్టుతో పైకొచ్చి, "చూశారా?" అంది.

"చూశాలే. గాలి కలిసొచ్చింది," అన్నాడు. తర్వాత కారెక్కేదాకా ఇంకో మాట అనలేదు. ఇంట్లో ఉన్నదంతా ఆయన మాటే కాబట్టి, ఆయన మౌనం ఎంత బరువో ఆమెకు తెలుసు. ఆ సాయంత్రం ఆయనకి ఇష్టమైన కూర చేసిందట. నవ్వినందుకు పరిహారం.

తర్వాతి ఆదివారం పడమటి గాలి. పొద్దున్నే సరుగుడు తోట సముద్రం వైపు వంగి ఊగుతోంది. పోలారావు తడివేలు గాలిలో పెట్టి కూడా చూడలేదు. "ఇయ్యాల ఎవరూ దిగొద్దండి. మల్లా వారం రండి," అని పందిరి మూసేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

కోదండపాణి మాత్రం నన్ను సంచీలోంచి తీసి పంపుతో గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

"ఏమండీ, మాస్టారు వద్దన్నారు కదా. ఇది సముద్రంలోకి వీచే గాలి."

"ఒడ్డునే నించుని ఎగరేస్తాను. నీళ్ళలో దిగితే కదా? మళ్ళీ వారం నువ్వు ఫీట్లు చేస్తుంటే నేను చప్పట్లు కొట్టాలా?"

"ఆ రాళ్ళు చూడండి. గాలి అటే తీసుకెళ్తుంది."

రిసార్టు గోడ కోతకి గురికాకుండా నీళ్ళ అంచున బండరాళ్ళు పోశారు. వాటికి మేము ఎక్కువ దూరంలో లేము. ఆయన వినలేదు. నా అంచు పట్టుకుని నిలబెట్టమన్నాడు. ఆమె కదల్లేదు.

"నేను పట్టుకోను," అంది. పెళ్ళైనప్పటి నుంచి ఆయనకి ఆమె చెప్పిన మొదటి 'కాదు' అదేనేమో, ఆయన ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత రిసార్టు వాచ్‌మన్‌ని కేకేశాడు. వాచ్‌మన్ వచ్చి, సార్ చెప్పినట్టే నన్ను పట్టుకుని, సార్ చెప్పగానే వదిలాడు.

ముందు గోడ చాటున గాలి లేక నేను వేలాడిపోయాను. కోదండపాణి బార్ లాగాడు. అంతలో గోడ దాటి వచ్చిన ఒక్క విసురు నన్ను నింపింది. ఆయన కాళ్ళు ఇసకలోంచి లేచాయి.

"వదలండి! బార్ వదిలెయ్యండి!" సుభాషిణి గొంతు తీరమంతా వినబడింది.

ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకుంటే నేను అంత బలంగా లాగుతాను, నన్ను చేసిందే అలా. ఇసకలో ఈడ్చుకుపోయి రాళ్ళ మీద పడ్డాడు. కుడికాలి మడమ రెండు బండల మధ్య ఇరుక్కుంది. విరిగిన చప్పుడు తాళ్ళ వెంట నాదాకా వచ్చింది. నేను సుడి తిరిగి మళ్ళీ నిండాను. ఇంకో విసురు వస్తే కాలిని అక్కడే ఉంచి మనిషిని తీసుకుపోయేదాన్ని.

సుభాషిణి రాళ్ళమీద చేతులూ కాళ్ళూ ఆనించి పాక్కుంటూ వచ్చింది. ఆయన కడుపు దగ్గర చెయ్యి పెట్టి, చూడకుండానే ఎర్ర పిడి వెతికి తోసింది. బార్ జర్రున పైకి పోయింది. నా బలం పోయింది. ఆయన బతికాడు. ఆయన పడినప్పుడు వదులైన ఒక తాడు మాత్రం ఆమె ఎడమచేతి మీదుగా చుట్ట వేసుకుని ఉంది. బార్‌తో పాటు అదీ బిగిసి పరిగెత్తింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ మొదలంటా తెగిపోయాయి.

ఆమె అరవలేదు. కుడిచేత్తో ఎడమ మణికట్టుని బిగించి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

వాచ్‌మన్ వెనక నిలబడి చూడటమే తప్ప కదల్లేకపోయాడు. జనం పోగయ్యారు. పోలారావు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి, కొక్కెం వైపు చూసి, "పిడి ఎవరు తోసినారు?" అన్నాడు. వాచ్‌మన్ తల పక్కకి తిప్పుకున్నాడు. అంబులెన్సు వచ్చేలోపు ఇద్దరినీ రిసార్టు వరండాలో పడుకోబెట్టారు. నన్నూ అక్కడే ఓ మూల పడేశారు. రిసార్టు మేనేజరు వంగి అడిగాడు.

"ఎలా జరిగింది సార్?"

కోదండపాణి ముఖం నొప్పితో పాలిపోయి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. అంత మంది చూస్తుండగా ఆయన ఎప్పుడూ తప్పు చేసినవాడిగా కనబడలేదు.

"నేను కంట్రోల్ చేస్తూనే ఉన్నానండి. ఈవిడ కంగారుపడి తాళ్ళు పట్టేసుకుంది," అన్నాడు.

తువ్వాలు చుట్టిన చేతిని గుండెకి ఆనించుకున్న సుభాషిణి ఆ మాట విన్నది. నోరు తెరిచింది. అప్పుడే ఆయన నొప్పికి మూలిగాడు. ఆమె నోరు మూసుకుంది. కాలు విరిగిన మనిషితో ఏం వాదిస్తాం, తర్వాత చూసుకోవచ్చు అనుకుని ఉంటుంది. ఆ తర్వాత అన్నది వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

అబద్ధానికి వరండా దాటేదాకానే సిగ్గు. ఆస్పత్రిలో ఆ మాట డాక్టర్లకి చేరింది, అక్కణ్ణుంచి చుట్టాలకి, షోరూమ్ స్నేహితులకి. రిసార్టు వాళ్ళకి గొడవ ఇష్టం లేదు. అతిథి తప్పంటే వ్యాపారం పోతుంది, ఒక ఆడమనిషి కంగారంటే ఆటకే చెడ్డపేరు. శిక్షకుడు సరిగా నేర్పలేదంటే ఎవరికీ నష్టం లేదు, శిక్షకుడికి తప్ప. పందిరి పీకేయమన్నారు.

పోలారావు ఒకరోజు ఇంటికొచ్చాడు. నన్ను మంచినీళ్ళలో కడిగి, చిరిగిన చోట అతుకులు వేసి, ఆరబెట్టి, మడతపెట్టి తెచ్చాడు. కోదండపాణి కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని సోఫాలో ఉన్నాడు. సుభాషిణి కుడిచేత్తో ట్రే పట్టుకొచ్చింది.

"మేడమ్‌గారూ, నానేటీ అడగనండి. మీరు పిడి తోసినారో, తాళ్ళు పట్టుకున్నారో, ఆ మేనేజరుగారితో ఒక్క మాట సెప్పండి. నా దగ్గర నేర్సుకున్న మనిషి తాడు పట్టుకోదని నాకు తెలుసు. ఆళ్ళకి తెలీదు."

ఆమె భర్త వైపు చూడలేదు. "పిడి నేనే తోశాను మాస్టారూ. తాళ్ళు పట్టుకోలేదు. ఆయన్ని వెళ్ళొద్దన్నాను, వినలేదు," అంది. గొంతు చిన్నదే అయినా మాటలు స్పష్టంగా ఉన్నాయి.

కోదండపాణి కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన జాలిగా నవ్వి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చూడవయ్యా పోలారావూ, పెద్ద షాక్ తగిలింది కదా. ఇలాంటప్పుడు జరిగింది ఒకటి, గుర్తుండేది ఇంకొకటి అని డాక్టరుగారే చెప్పారు. నేను ఆవిణ్ణి ఏమీ అనట్లేదు. నువ్వూ అనకు."

"సార్, మీరు..." అని పోలారావు లేచాడు. ఆమె కళ్ళు వద్దన్నాయి. అతను టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

సుభాషిణి అంతటితో ఊరుకోలేదు. ఆ వారమే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి కొత్తరేవు వెళ్ళొచ్చింది. ఆమె ఇల్లు చేరకముందే రిసార్టు మేనేజరు ఫోన్ వచ్చింది. సోఫా వెనక సంచీలో ఉన్న నాకు కోదండపాణి గొంతు వినబడింది. "వచ్చిందా? అయ్యో పాపం. ఏమీ అనుకోకండి. ఇంకా తేరుకోలేదు. మీరేం పట్టించుకోకండి." ఆమె వచ్చాక ఆయన ఏమీ అడగలేదు. ఎండలో తిరక్కు సుభా అని మాత్రం అన్నాడు, చాలా ప్రేమగా.

పోలారావు తీరం వదిలి వేరే రాష్ట్రంలో వేట పడవ ఎక్కాడని వాచ్‌మన్ ఎప్పుడో ఫోన్‌లో చెప్పాడు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. కోదండపాణి, "మంచివాడే, కాకపోతే నేర్పడం చేతకాదు," అన్నాడు.

నన్ను అటక మీద పెట్టారు. అక్కడి నుంచి ఇంట్లో మాటలన్నీ వినబడతాయి. కోదండపాణి కుంటుతూ నడవసాగాడు, ఆ కుంటు ఆయనకి నప్పింది. వచ్చినవాళ్ళకి కథ చెప్పేవాడు. ఒక్కో ఏడూ కథలో అలలు ఎత్తు పెరిగేవి. చివర్న, "ఏదైనా సరే పద్ధతిగా నేర్చుకోవాలండీ, తొందరపడకూడదు," అనేవాడు. వచ్చినవాళ్ళు తలలూపి, సుభాషిణి వైపు జాలిగా చూసేవాళ్ళు. మొదట్లో ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి అక్కడే కూర్చునేది. ఇంకొన్నాళ్ళకి, ఆయన ఎక్కడైనా ఆగితే మాట అందించేది. ఆయన మాటే అందించేది.

మొన్న ఎండాకాలం అటక ఖాళీ చేస్తూ నన్ను దించింది. కొత్త స్కూటరుకి ముసుగు కావాలట. వరండాలో నన్ను పరిచి, మూడు వేళ్ళతో బట్ట అదిమిపట్టి, కత్తెరతో కోస్తోంది. గొట్టం తీసి పక్కన పడేసింది. ఎదురు ఫ్లాటులోకి కొత్తగా వచ్చిన రాజ్యలక్ష్మి తలుపు దగ్గర నిలబడి మాట కలిపింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె కళ్ళు ఎడమచేతి మీద పడ్డాయి.

"అయ్యో, చేతికేమైందండీ?"

లోపల గదిలో పేపరు తిప్పుతున్న చప్పుడు ఆగింది.

సుభాషిణి కత్తెర ఆపలేదు. "పెద్ద కథేం లేదండీ. సముద్రం దగ్గర, మావారు పటం ఎగరేస్తుంటే నేను కంగారుపడి తాళ్ళు పట్టేసుకున్నాను. ఆయన కంట్రోల్ చేస్తూనే ఉన్నారు. నేనే."

ఎక్కడా తడబడలేదు. బాగా వల్లెవేసిన పాఠంలా వచ్చింది. ఆమె ముఖంలో బాధ కోసం వెతికాను, కోపం కోసమైనా వెతికాను. అబద్ధమని తెలిసి చెప్పిందేమోనని చూశాను. ఆమె ఫిజిక్సు పాఠం చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. జరిగింది అదేనని ఆమె నమ్ముతోంది.

"ఎంత గండం గడిచిందండీ! పోన్లెండి, మీవారు పక్కనున్నారు కాబట్టి సరిపోయింది," అంది రాజ్యలక్ష్మి.

"అవునండీ," అంది సుభాషిణి.

లోపల పేపరు మళ్ళీ తిరిగింది.

ఇప్పుడు నేను సెల్లారులో స్కూటరు మీద ఉంటున్నాను. మిగిలిన ముక్కలతో వాషింగ్ మెషీన్‌కి ఒక ముసుగు, రెండు కూరల సంచులు అయ్యాయి. సముద్రపు గాలి మలుపు తిరిగి ఇక్కడికీ వస్తుంది. వచ్చినప్పుడు నా బట్ట కొద్దిగా ఉబ్బుతుంది. అంతకు మించి లేవను. సుభాషిణి నా నాలుగు మూలలా నాడాలు కుట్టి, ఆ మూడు వేళ్ళతోనే రోజూ స్కూటరుకి గట్టిగా ముడివేసి, ఒకసారి లాగి చూసుకుని, మెట్లెక్కి వెళ్ళిపోతుంది.